మతిమరుపు జబ్బు, హై డిడక్టిబుల్ ప్లాన్: అమెరికాలోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మావారికి 58 ఏళ్ల వయసులో అల్జీమర్స్ అని తేలింది. అప్పటికి మా ఇద్దరికీ ఉన్నది నా ఉద్యోగం ద్వారా వచ్చిన హై డిడక్టిబుల్ ప్లాన్ ఒక్కటే. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బీపీ తప్ప పెద్ద జబ్బులేవీ లేవు, ప్రీమియం తక్కువ అని తీసుకున్నాం. ఇప్పుడు న్యూజెర్సీలో గుళ్లోనో, ఎవరింట్లోనో పెళ్లిలోనో నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరి ప్రశ్నలూ దాదాపు ఇవే. నేను డాక్టర్ని కాదు, టాక్స్ నిపుణురాలిని కాదు. అయిదేళ్లుగా ఈ కాగితాలతో కుస్తీ పడుతున్న మనిషిని. అంకెలు వేరే చెప్పని చోట 2026 సంవత్సరానివి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతా జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఈ జబ్బులో డబ్బు ఎక్కువగా పోయేది స్కాన్‌లకూ మందులకూ కాదు, మనిషిని పగలూ రాత్రీ చూసుకోవడానికి. హెల్త్ ఇన్సూరెన్స్ దాదాపు పైసా ఇవ్వనిది కూడా దానికే. ఆ ఖర్చుకు పనికొచ్చే దారులు కొన్ని ఉన్నాయి. అవన్నీ తెరుచుకునేది డాక్టర్ రాసిచ్చే కాగితంతో. డిడక్టిబుల్‌కి భయపడి ఆ కాగితాన్ని వాయిదా వేయకండి.

హై డిడక్టిబుల్ ప్లాన్ అంటే సరిగ్గా ఏమిటి?

ఏడాదిలో ఫలానా మొత్తం దాకా మనమే కట్టాలి, ఆ తర్వాతే ఇన్సూరెన్స్ చేయి కలుపుతుంది. ఆ మొత్తమే డిడక్టిబుల్. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం టాక్స్ లేకుండా పొదుపు చేసుకునే ఖాతా) తెరిచే అర్హత ఉండాలంటే అది ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికైతే కనీసం 3,400 డాలర్లు ఉండాలి. నెట్‌వర్క్‌లో ఏడాదికి మన జేబు నుంచి పోయే గరిష్ఠం ఒక్కరికి 8,500, కుటుంబానికి 17,000 డాలర్లు దాటకూడదు.

చాలామంది గమనించనిది ఒకటుంది. కొన్ని ఫ్యామిలీ ప్లాన్‌లలో మనిషికో డిడక్టిబుల్ ఉండదు. ఇంటి మొత్తానికి ఒకటే ఉంటుంది, అది నిండేదాకా ఎవరికీ ఏమీ రాదు. మా ప్లాన్ అలాంటిదని మాకు మొదటి బిల్లు చూశాకే తెలిసింది. మీ ప్లాన్ ఏ రకమో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి.

"చిన్న చిన్న మతిమరుపులే. అంతా చేతి నుంచే కట్టాలి కదా, ఇంకొన్నాళ్లు చూద్దామా?"

మేమూ అలాగే చూశాం. పద్నాలుగు నెలలు చూశాం.

మా ఇంట్లో లెక్కలన్నీ మావారివే. కరెంటు బిల్లు నుంచి టాక్స్ దాకా నేను ఏనాడూ తొంగి చూసింది లేదు. ఒక శనివారం కారు సర్వీసింగ్‌కి ఇద్దామని గ్లవ్ బాక్స్ ఖాళీ చేస్తుంటే రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట దొరికింది. పంతొమ్మిది కవర్లు. సగం తెరవనే లేదు. ఒక ల్యాబ్ బిల్లు రెండుసార్లు కట్టారు, ఇంకొకటి కలెక్షన్స్‌కి వెళ్లిపోయింది. కట్ట పైన పసుపు కాగితం మీద ఆయన చేతిరాతతో "సోమవారం చూడాలి" అని ఉంది. ఏ సోమవారమో లేదు.

పేర్లు మర్చిపోవడం ఒక్కటే గుర్తు అనుకుంటాం. బిల్లులు, చెక్కులు, పాస్‌వర్డుల దగ్గర తడబడటం కూడా చాలామందిలో తొలి గుర్తుల్లో ఒకటి.

ఆగకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి కారణాలున్నాయి. మతిమరుపులన్నీ అల్జీమర్స్ కావు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా, డిప్రెషన్ ఉన్నా, కొన్ని మందుల వల్లా మనిషి అలాగే అయోమయంగా ఉంటాడు. శాకాహారుల ఇళ్లలో బీ12 లోపం మనకు కొత్తేమీ కాదు. నిద్ర పట్టడం లేదని పెద్దవాళ్లు వేసుకునే టైలెనాల్ పీఎం, బెనాడ్రిల్ లాంటి వాటిలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వృద్ధుల్లో మతి తప్పిస్తుంది. వీటిని సరిచేసుకోవచ్చు. అదీగాక, నిజంగానే డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బు) అయితే ఆ మనిషి తన సంతకం తాను తెలిసి పెట్టగల రోజులు కొన్నే ఉంటాయి. ఆ రోజుల్ని "చూద్దాం"తో పోగొట్టుకోకండి.

యాన్యువల్ ఫిజికల్ ఫ్రీ కదా, అందులోనే మెమరీ టెస్ట్ చేయించుకుంటే?

ఉద్యోగాల ప్లాన్‌లలో ఆ టెస్ట్ తప్పనిసరిగా ఫ్రీగా ఇవ్వాల్సిన జాబితాలో లేదు. లక్షణాలు లేని పెద్దవాళ్లందరికీ మతిమరుపు స్క్రీనింగ్ చేయాలో వద్దో చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2020లో చెప్పింది. అందుకే ఫిజికల్‌లో "ఈయన మర్చిపోతున్నారు డాక్టరుగారూ" అనగానే ఆ భాగాన్ని వేరే విజిట్‌గా బిల్లు వేయవచ్చు. వేసినా సరే, అనండి. ఆ వందా రెండొందల డాలర్లు వృథా కావు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్లకు ఏటా వచ్చే వెల్‌నెస్ విజిట్‌లో జ్ఞాపకశక్తిని గమనించడం కూడా భాగమే, అది ఉచితం.

పరీక్షలకు ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

రక్తపరీక్షలతో మొదలుపెట్టండి, అవే చవక, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఎంఆర్ఐ రాసినప్పుడు మాత్రం ఆసుపత్రిలోనే చేయించుకోవాలని లేదు. నెట్‌వర్క్‌లో ఉన్న విడి ఇమేజింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి, స్కాన్ కోడ్ చెప్పి, "మా ప్లాన్‌తో మీ రేటెంత?" అని అడగండి. మేము మొదట ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకుని, ధర విని, మర్నాడు రద్దు చేసుకున్నాం. పదిహేను నిమిషాల దూరంలోని సెంటర్‌లో అదే స్కాన్ దాదాపు నాలుగో వంతుకే అయింది. జ్ఞాపకశక్తినీ ఆలోచనాశక్తినీ వివరంగా కొలిచే, కొన్ని గంటలు పట్టే న్యూరోసైకాలజీ పరీక్ష ఖరీదైనది. దానికి ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) తీసుకున్నారా అని ఆఫీసువాళ్లను రెండుసార్లు అడగండి.

ఇంకొకటి, క్యాలెండర్. చాలా ప్లాన్‌లలో డిడక్టిబుల్ జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నవంబర్‌లో సగం పరీక్షలు, ఫిబ్రవరిలో సగం అయితే రెండుసార్లు కట్టినట్టు. ఈ ఏడాది ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగి డిడక్టిబుల్ నిండిపోయి ఉంటే, డిసెంబర్ 31 లోపు అన్నీ చేయించేయండి. లేదంటే సంవత్సరం మొదట్లో మొదలుపెట్టి ఆ ఏడాదిలోనే ముగించండి. లక్షణాలు ముదురుతుంటే మాత్రం క్యాలెండర్ కోసం ఆగకండి.

అమ్మకు ఇంగ్లిష్ రాదు. పరీక్ష సరిగ్గా జరుగుతుందా?

ఇంగ్లిష్‌లో పెడితే జరగదు. "ఈ అయిదు మాటలు గుర్తుపెట్టుకోండి" అని తనకు రాని భాషలో చెబితే ఎవరికి గుర్తుంటుంది? తెలుగు దుబాసీని అడగండి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. కొడుకో కోడలో పక్కన కూర్చుని అనువదిస్తే తెలియకుండానే జవాబు అందించేస్తాం. నేనే అందించాను.

ఈ పరీక్షలకు తెలుగు రూపాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగువాళ్లకు తగినట్టు, చదువు రానివాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసింది. అక్కడి మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది రోగులపై 2013లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. బడికి వెళ్లనివారిలోనూ ఆ తేడా ఉంది. తెలుగూ దక్కనీ ఉర్దూ కలిపి మాట్లాడే మన ఊళ్ల ముచ్చట అది, అందుకే చెప్పకుండా ఉండలేకపోయాను.

హెచ్‌ఎస్‌ఏ డబ్బుతో ఇంట్లో చూసుకునే మనిషిని పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఇది తెలియక ఎంతోమంది టాక్స్ కట్టిన డబ్బుతో జీతాలు ఇస్తున్నారు.

ఐఆర్‌ఎస్ నిబంధనల్లో దీర్ఘకాల సంరక్షణ కూడా వైద్య ఖర్చే. షరతులు రెండు. ఆ మనిషి "దీర్ఘకాలంగా జబ్బుగా ఉన్నారు" అని డాక్టరో, రిజిస్టర్డ్ నర్సో, లైసెన్స్ ఉన్న సోషల్ వర్కరో గత 12 నెలల్లో సర్టిఫై చేసి ఉండాలి. ఏమేం సాయం అవసరమో చెప్పే కేర్ ప్లాన్ వాళ్లు రాసివ్వాలి. స్నానం, తిండి, బట్టలు వేసుకోవడం లాంటి పనుల్లో కనీసం రెండు సొంతంగా చేసుకోలేకపోతే ఆ సర్టిఫికెట్ వస్తుంది. డిమెన్షియావాళ్లు ఇవన్నీ చాలాకాలం చేసుకుంటారు, మావారు ఇప్పటికీ తన షర్టు గుండీలు తానే పెట్టుకుంటారు. కానీ స్టవ్ ఆపకుండా బయటికి నడిచి వెళ్లిపోతారు. ఇలాంటివాళ్ల కోసమే రెండో దారి ఉంది. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిని, ప్రమాదం జరగకుండా కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే ఆ ఒక్క కారణమే చాలు. డాక్టర్‌కి ఈ తేడా చెప్పి, అదే మాట కాగితం మీద రాయించుకోండి. ఏటా మళ్లీ రాయించుకోవాలి.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని. బంధువులకు ఇచ్చే డబ్బు, వాళ్లకు తగిన లైసెన్స్ ఉంటే తప్ప, లెక్కకు రాదు. మెమరీ కేర్‌లో (మతిమరుపు జబ్బువాళ్లను ఉంచి చూసుకునే కేంద్రంలో) చేర్చితే, అక్కడ ఉండటానికి ముఖ్య కారణం వైద్య సంరక్షణే అయినప్పుడు గది, భోజనం కూడా లెక్కకొస్తాయి. లేదంటే సంరక్షణ భాగం వరకే. 65 ఏళ్లు రాకముందు అర్హత లేని ఖర్చుకు వాడితే సాధారణంగా టాక్స్‌తో పాటు 20 శాతం పెనాల్టీ పడుతుంది.

ఏడాదికి ఒక్కరి కవరేజీకి 4,400, ఫ్యామిలీ కవరేజీకి 8,750 డాలర్లు వేయవచ్చు, 55 దాటితే ఇంకో 1,000. ఖాతాలో డబ్బు లేకపోయినా ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి. తెరిచిన తేదీ తర్వాత అయిన ఖర్చుకు రసీదు ఉంచుకుంటే ఎన్నేళ్ల తర్వాతైనా వెనక్కి తీసుకోవచ్చు, గడువు లేదు. మా ఇంట్లో రసీదులన్నీ పాత రాయల్ డాన్స్‌క్ బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకుంటాను, రసీదు మీద ఇంకు వెలిసిపోతుంది కాబట్టి.

మా అమ్మానాన్నల ఖర్చుకు నా హెచ్‌ఎస్‌ఏ వాడవచ్చా?

వాళ్ల పోషణలో సగం కంటే ఎక్కువ మీరే భరిస్తూ, వాళ్లు మీ డిపెండెంట్ నిర్వచనంలోకి వస్తే వాడవచ్చు. టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపడానికి వాళ్ల ఆదాయానికి ఒక పరిమితి ఉంటుంది. హెచ్‌ఎస్‌ఏకి ఆ ఆదాయ పరిమితి అడ్డు రాదు. మీ ప్లాన్‌లో వాళ్లు ఉండాల్సిన అవసరం కూడా లేదు.

గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మకు మాత్రం కుదరదు. ఆమె అమెరికా పౌరురాలు కాకపోతే, అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఒక చోట నివాసం ఉండి తీరాలి. నెలనెలా మనం పంపే డబ్బుతోనే ఆమె గడుస్తున్నా సరే. ఇది విని చాలామంది బాధపడతారు, కానీ నిబంధన అదే.

పగలు ఇద్దరం ఆఫీసుకి వెళ్తాం. డే కేర్‌కి ఏదైనా సాయం?

డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి టాక్స్ లేకుండా పక్కన పెట్టే డబ్బు) అంటే పిల్లల డే కేర్‌కే అనుకుంటారు. తనను తాను చూసుకోలేని భార్య, భర్త, మీతో ఏడాదిలో సగానికి పైగా ఉండే తల్లిదండ్రులు డిపెండెంట్లైతే వాళ్లకూ వర్తిస్తుంది. ఇంటి మొత్తానికి పరిమితి 5,000 నుంచి 2026లో 7,500 డాలర్లకు పెరిగింది. హెచ్‌ఎస్‌ఏతో పాటు ఉండవచ్చు. (మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ అలా ఉండకూడదు, అది తీసుకుంటే హెచ్‌ఎస్‌ఏలో వేసే అర్హత పోతుంది. పళ్లకు, కళ్లకు మాత్రమే ఉన్నదైతే పర్వాలేదు.)

ఒక చిక్కు ఉంది, నాకు హెచ్‌ఆర్‌లో ఎవరూ చెప్పలేదు. సంరక్షణ కావాల్సింది జీవిత భాగస్వామికే అయి, వారికి సంపాదన లేకపోతే, చట్టం వారికి నెలకు 250 డాలర్ల సంపాదన ఉన్నట్టు లెక్క వేస్తుంది. ఇద్దరిలో తక్కువ సంపాదనే పరిమితి కాబట్టి ఏడాదికి 3,000 డాలర్ల దాకానే ప్రయోజనం. అమ్మకో నాన్నకో అయితే ఈ ఇబ్బంది లేదు.

ఎడిసన్, ఇసెలిన్ వైపు మనవాళ్ల తిండి పెట్టే అడల్ట్ డే సెంటర్లు ఉన్నాయి. చేర్చే ముందు ఒక పూట అక్కడే కూర్చుని చూడండి. మావారు మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం ఎవరో పేకముక్కలు తీశారు.

మందుల సంగతి?

డొనెపెజిల్, మెమాంటిన్ రెండూ జెనెరిక్‌లో చవక. డిస్కౌంట్ కార్డుతో నెలకు తరచుగా 20 డాలర్ల లోపే దొరుకుతాయి. ఇన్సూరెన్స్ పక్కన పెట్టి కార్డుతో కొంటే ఆ డబ్బు సాధారణంగా డిడక్టిబుల్ లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి.

కొత్త ఇన్‌ఫ్యూజన్ మందుల గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతుంది. లెకెంబీకి 2023 జూలైలో పూర్తి అనుమతి వచ్చింది, కిసున్లాకి 2024 జూలైలో. ఇవి జబ్బు తొలి దశలో ఉన్నవారికే, అదీ మెదడులో అమిలాయిడ్ (ఈ జబ్బులో పేరుకునే ప్రోటీన్) ఉందని పరీక్షలో తేలాకే. వేగాన్ని కొంత తగ్గిస్తాయి, నయం చేయవు. మెదడు వాపు, రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎంఆర్ఐలు తీయాలి. లెకెంబీ అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటించిన ధర ఏడాదికి 26,500 డాలర్లు. హై డిడక్టిబుల్ ప్లాన్‌లో ఆ ఏడాది జేబు గరిష్ఠం నిండిపోతుందనే లెక్కతోనే నిర్ణయం తీసుకోండి. తొలి దశలోనే పనికొస్తాయి అన్నది మాత్రం మళ్లీ ఆ పద్నాలుగు నెలల దగ్గరికే నన్ను తీసుకెళ్తుంది.

65 రాకముందే జబ్బు వచ్చి ఉద్యోగం పోతే?

అల్జీమర్స్ 65 లోపు మొదలైనా, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా వచ్చినా సోషల్ సెక్యూరిటీవాళ్ల కంపాషనేట్ అలవెన్సెస్ జాబితాలో ఉన్నాయి. డిజెబిలిటీ దరఖాస్తు త్వరగా తేలుతుంది. దరఖాస్తులో జబ్బు పేరు స్పష్టంగా ఉండాలి, "మతిమరుపు" అని రాస్తే సరిపోదు. తగినన్ని వర్క్ క్రెడిట్లు కావాలి. ఇండియాతో అమెరికాకు సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు, అందుకని అక్కడ పనిచేసిన ఏళ్లు కలవవు.

డబ్బు మొదలవడానికి అయిదు నెలల నిరీక్షణ, ఆ తర్వాత 24 నెలలకు మెడికేర్. మొత్తం 29 నెలలు. కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ప్లాన్‌ను మన ఖర్చుతో కొనసాగించుకునే హక్కు) మామూలుగా 18 నెలలు. అది మొదలైన తొలి 60 రోజుల్లో ఎప్పుడైనా డిజెబిలిటీ ఉన్నట్టు సోషల్ సెక్యూరిటీ తేల్చితే 29 నెలలకు పొడిగించుకోవచ్చు. అంకె కలిసింది యాదృచ్ఛికంగా కాదు, ఈ ఖాళీ పూడ్చడానికే అలా పెట్టారు. చివరి 11 నెలలకు ప్రీమియం 150 శాతం దాకా వేయవచ్చు. కోబ్రా ప్రీమియం హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టవచ్చు. ఇవన్నీ గడువుల మీద నడుస్తాయి, అందుకే ఉద్యోగం వదిలే ముందే, రాజీనామా మీద సంతకం పెట్టకముందే, ఒక లాయర్‌ని కలవండి. పని సరిగ్గా చేయడం లేదని తీసేస్తారేమో అన్న అవమానంతో ముందే మానేసేవాళ్లు ఉన్నారు. అది జబ్బు, తప్పు కాదు.

గ్రీన్‌కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నలకు నా ప్లాన్ ఇప్పించవచ్చా? మెడికేర్ వస్తుందా?

ఉద్యోగాల ప్లాన్‌లలో తల్లిదండ్రులను సాధారణంగా చేర్చుకోనివ్వరు. "పదిహేనేళ్లు టాక్స్ కట్టాను, అమ్మకు మెడికేర్ రాదా?" అని అడుగుతారు. మనం కట్టింది వాళ్ల లెక్కలోకి రాదు. 65 దాటి, గ్రీన్‌కార్డ్‌తో అయిదేళ్లు వరసగా ఇక్కడ ఉంటే కొనుక్కునే హక్కు వస్తుంది. తనకో భర్తకో కనీసం 30 క్వార్టర్ల పని (వర్క్ క్రెడిట్లు) కూడా లేకపోతే పార్ట్ ఏ (ఆసుపత్రి భాగం) నెలకు 565 డాలర్లు, పార్ట్ బీ (డాక్టర్ల భాగం) 202.90. కలిపితే నెలకు 767.90. అయిదేళ్లు నిండే నెల చుట్టూ ఉండే ఏడు నెలల గడువు దాటితే పార్ట్ బీకి పెనాల్టీ పడుతుంది. పార్ట్ బీ మొదలైన ఆరు నెలల లోపు మెడిగ్యాప్ (మెడికేర్ కట్టని భాగానికి తీసుకునే అదనపు ఇన్సూరెన్స్) తీసుకుంటే జబ్బు ఉందని కాదనలేరు. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఆ ఆరు నెలలు చాలా ముఖ్యం.

ఆ అయిదేళ్ల లోపు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ (ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మనమే కొనుక్కునేది) ఉంది. పాత జబ్బు ఉందని కాదనరు. వచ్చిన 60 రోజుల్లో చేర్చాలి. ఇక్కడ 2026లో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఇంతకుముందు అయిదేళ్లు నిండక మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) రానివాళ్లకు ఆదాయం పేదరిక రేఖ కంటే తక్కువున్నా ప్రీమియం సబ్సిడీ దొరికేది. ఇప్పుడు దొరకదు. మీరు వాళ్లను డిపెండెంట్‌గా చూపితే మీ ఇంటి ఆదాయం లెక్కకొస్తుంది. పాత సలహాలు నమ్మి అడుగు వేయకండి.

విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు?

విజిటర్ ఇన్సూరెన్స్ ముందునుంచీ ఉన్న జబ్బుకు సాధారణంగా ఇవ్వదు. డిమెన్షియా పరీక్షలు ఇండియాలోనే చేయించుకుని, రిపోర్టులు, మందుల చీటీలు ఇంగ్లిష్‌లో చేతిలో పెట్టుకుని రావాలి. కొత్త చోట అయోమయం పెరుగుతుంది. చేతికి మీ ఫోన్ నంబరు ఉన్న బ్యాండ్ కట్టండి.

మెడికేర్ వచ్చాక హెచ్‌ఎస్‌ఏ ఏమవుతుంది?

ఉన్న డబ్బు వాడుకోవచ్చు, కొత్తగా వేయకూడదు. 65 దాటాక ఆలస్యంగా చేరితే పార్ట్ ఏ ఆరు నెలల దాకా వెనక్కి వర్తిస్తుంది, అందుకని చేరడానికి ఆరు నెలల ముందే వేయడం ఆపేయాలి. ఒకరికి మెడికేర్ వచ్చినా, ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న రెండోవారు తన ఖాతాలో వేస్తూ ఉండవచ్చు.

మెడికేర్ కూడా రోజువారీ సంరక్షణకు డబ్బివ్వదు. కానీ 2024 జూలైలో గైడ్ అనే కార్యక్రమం మొదలైంది. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఒక కేర్ నావిగేటర్, 24 గంటల ఫోన్ సాయం ఉంటాయి. జబ్బు మధ్యస్థ దశలోనో అంతకంటే ముదిరిన దశలోనో ఉన్నవారిని ఇంట్లో చూసుకునేవాళ్లు ఉంటే, వాళ్లు కాస్త ఊపిరి తీసుకోవడానికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా రెస్పైట్ కేర్ ఇస్తారు. ప్రభుత్వం నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ ఉండాలి, ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ అయితే రాదు. జీరో ప్రీమియం ప్రకటన చూసి అడ్వాంటేజ్‌కి మారే ముందు ఈ ఒక్కటి ఆలోచించండి.

మెడికెయిడ్ తీసుకోవాలంటే ఇల్లు అమ్ముకోవాలా?

భార్యో భర్తో ఆ ఇంట్లో ఉంటే సాధారణంగా అమ్మక్కర్లేదు. వారికి కొంత ఆస్తి, ఆదాయం మిగల్చాలని చట్టంలోనే ఉంది. దీర్ఘకాల సంరక్షణకు దేశంలో ఎక్కువ డబ్బు కడుతున్నది మెడికెయిడే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. చాలా రాష్ట్రాల్లో దరఖాస్తుకు ముందు 60 నెలల లావాదేవీలు చూస్తారు. కొడుకు పేర ఇల్లు రాయడం, ఇండియాకి పంపిన పెద్ద మొత్తాలు, అన్నీ అడుగుతారు. అక్కడి ప్లాటు, ఫ్లాటు కూడా చెప్పాల్సిందే. గ్రీన్‌కార్డ్‌వాళ్లకు మామూలుగా అయిదేళ్ల నిరీక్షణ ఉంది, స్పాన్సర్ చేసిన మన ఆదాయం కూడా చూడవచ్చు. ఎల్డర్ లా లాయర్‌కి (పెద్దవాళ్ల వ్యవహారాలు చూసే లాయర్‌కి) ఇచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు.

బిల్లు వచ్చేసింది. కట్టలేం.

ముందు అది బిల్లేనా చూడండి. ఇన్సూరెన్స్‌వాళ్లు పంపే ఈఓబీ (ఎవరి వంతు ఎంతో చెప్పే కాగితం) మీద "ఇది బిల్లు కాదు" అని ఇంగ్లిష్‌లో రాసే ఉంటుంది. మావారు రెండుసార్లు కట్టింది దాన్ని చూసి ఒకసారి, బిల్లు చూసి ఒకసారి. ఈఓబీలో "మీరు కట్టాల్సింది" అన్న అంకె, బిల్లు అంకె కలవకపోతే కట్టకండి. ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసినది) అడగండి.

లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఫైనాన్షియల్ అసిస్టెన్స్ విధానం ఉండి తీరాలి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు కూడా డిడక్టిబుల్ భాగం తగ్గించే ఆసుపత్రులు ఉన్నాయి. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి, మొదటి 120 రోజులు కోర్టుకు వెళ్లడం, క్రెడిట్ రిపోర్టులో వేయడం లాంటివి చేయకూడదు. జీతం బాగుంది మనకెందుకిస్తారు అనుకోకండి, అడగండి. మాకు ఒక బిల్లులో సగం తగ్గింది, మిగతాది వడ్డీ లేకుండా పద్దెనిమిది నెలల వాయిదాలు చేశారు. కౌంటర్ దగ్గర అంటగట్టే మెడికల్ క్రెడిట్ కార్డ్ మాత్రం తీసుకోవద్దు.

ఏడాది వైద్య ఖర్చు మీ ఆదాయంలో 7.5 శాతం దాటితే, ఐటమైజ్ చేసేవాళ్లకు (రిటర్న్‌లో ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లకు) ఆ పైది టాక్స్‌లో తగ్గుతుంది. హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టింది మళ్లీ చూపకూడదు.

అత్తయ్యగారిని చూసుకోవడానికి సెలవు ఇస్తారా?

ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే ఫెడరల్ సెలవుల చట్టం కింద ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవు ఉంది, కానీ భార్య, భర్త, పిల్లలు, సొంత తల్లిదండ్రులకే. అత్తమామలు రారు. మన ఇళ్లలో ఎక్కువగా చేసేది కోడలే కదా. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల సొంత చట్టాల్లో అత్తమామలు కూడా ఉన్నారు. లేని చోట కొడుకు సెలవు పెట్టాలి. పెట్టనివ్వండి.

ఇండియాకి పంపించేస్తే చవక కదా?

మనుషులు దొరుకుతారు, భాష ఉంటుంది, అది నిజం. 70 దాటినవారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబర్ నుంచి ఉంది. అది ఆసుపత్రిలో చేరితేనే, ఇంట్లో ఆయా జీతానికి కాదు. అల్జీమర్స్ సొసైటీ, ఏఆర్‌డీఎస్‌ఐ, హైదరాబాద్‌లోనూ పనిచేస్తోంది. నా మటుకు నేను, దగ్గరి మనిషి ఒకరు అక్కడ ఇంట్లోనే ఉంటారని రూఢి అయితే తప్ప పంపవద్దంటాను. గ్రీన్‌కార్డ్‌వాళ్లు ఎక్కువకాలం బయట ఉంటే దానికీ ముప్పు, మెడికేర్ అయిదేళ్ల లెక్కకూ ముప్పు.

ముందుగా ఏ కాగితాలు చేయించాలి?

డబ్బు వ్యవహారాలకు డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (తెలివి తప్పాక కూడా చెల్లే అధికార పత్రం), వైద్యానికి హెల్త్‌కేర్ ప్రాక్సీ (వాళ్ల తరఫున నిర్ణయించే మనిషి పేరు రాసినది), ఇన్సూరెన్స్ కంపెనీతో మనం మాట్లాడటానికి వాళ్ల హిపా ఫారం. సోషల్ సెక్యూరిటీ పవర్ ఆఫ్ అటార్నీని ఒప్పుకోదు, అక్కడ విడిగా రిప్రజెంటేటివ్ పేయీ (వాళ్ల తరఫున డబ్బు అందుకునే మనిషి) కావాలి. హెచ్‌ఎస్‌ఏ ఒక్కరి పేరునే ఉంటుంది, నామినీగా జీవిత భాగస్వామి పేరు ఉందా చూడండి. ఉంటే అది హెచ్‌ఎస్‌ఏగానే చేతికొస్తుంది. వేరేవాళ్లైతే టాక్స్ పడుతుంది.

మావారి సంతకం తెలుగులో ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్ మీద పెట్టినదే. లాయర్ ఆఫీసులో ఒక్కో పేజీ చదివించుకుని, తెలుగులో నన్ను రెండు ప్రశ్నలు అడిగి, పొల్లు దగ్గర ఆగి, మళ్లీ పెట్టారు. పదకొండు సంతకాలు. ఇప్పుడు కలం చేతికిస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు.

ఫోన్ చేసి ఎవరిని అడగాలి?

అల్జీమర్స్ అసోసియేషన్ 1-800-272-3900, రోజంతా ఉంటుంది, దుబాసీ ద్వారా తెలుగులో మాట్లాడించమని అడగండి. మీ ఊళ్లో డే కేర్, రెస్పైట్ ఎక్కడున్నాయో ఎల్డర్‌కేర్ లొకేటర్ చెబుతుంది, 1-800-677-1116. మెడికేర్ ప్లాన్‌ల గురించి ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా సేవ ఉంది, వాళ్లు ఏ ప్లానూ అమ్మరు. ఫోన్ చేసే ముందు ఇన్సూరెన్స్ కార్డు, జబ్బు పేరు రాసిన కాగితం, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు రాసుకోండి.